సత్రానికో దస్త్రం

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక నీటిమర. అమెరికాలో బోస్టన్ నగరానికి పడమరగా సడ్బరీ అనే ఊరుంది. మా అమ్మాయి వాళ్ళు ఉండేది ఆ చుట్టుపక్కలే. ఆష్‌లండ్‌లో లక్ష్మీ ఆలయానికి వెళ్ళి దర్శనం చేసుకుని వస్తుంటే, "అమ్మా, నీకు నచ్చే చోటొకటి ఉంది, చూసి వెళ్దాం" అని కారు అటు తిప్పింది. చెట్ల మధ్య రాళ్ళు పేర్చి కట్టిన మర, దాని పక్కన నిలువెత్తుకు మించిన చక్రం, చక్రం మీదికి చెక్క కాలువలోంచి పడుతున్న నీళ్ళు. మాకంటే ముందు వచ్చిన ఒక తెలుగు కుటుంబం అక్కడ ఫొటోలు దిగుతోంది. తండ్రి పిల్లవాణ్ణి ఎత్తుకుని చెబుతున్నాడు: "చూడు నాన్నా, మూడొందల ఏళ్ళనాటి పిండిమర. ఇప్పటికీ తిరుగుతోంది."

నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. ఆ మర వయసు మూడొందలు కాదు. మోటారు కార్ల హెన్రీ ఫోర్డ్ దాన్ని 1929లో కట్టించాడు. చూసినవాళ్ళకు పాతకాలపు మరలా అనిపించాలనే అలా కట్టించాడు.

ఈ శీర్షిక మొదటినుంచీ చదువుతున్నవారికి నా పట్టుదల తెలుసు. పాతదాన్ని కాపాడటమంటే దాన్ని వాడుతూ ఉండటమే. ఇత్తడి బిందెల గురించి రాసినప్పుడూ అదే అన్నాను, మండువా లోగిళ్ళ గురించి రాసినప్పుడూ అదే అన్నాను. పొయ్యి వెలిగే ఇల్లు నిలుస్తుంది, తాళం పడ్డ ఇంటికి చెద పడుతుంది. అందుకే సడ్బరీలో నాకు నచ్చాల్సింది మర కాదు, ఆ మరకు కూతవేటు దూరంలో ఉన్న వేసైడ్ ఇన్. అది నిజంగానే పాత ఇల్లు, నిజంగానే వాడకంలో ఉన్న ఇల్లు.

బోస్టన్ నుంచి న్యూయార్క్‌కి టపా మోసుకెళ్ళే పాత బాట పక్కన, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో డేవిడ్ హౌ అనే ఆయన కింద ఒక గది, పైన ఒక గది వేసుకుని కాపురం పెట్టాడు. 1716లో బాటసారులకు అన్నం, మద్యం, పడక అమ్ముకోవడానికి లైసెన్సు తీసుకున్నాడు. ఆ తర్వాత కొడుకు ఎజెకియెల్, మనవడు ఆడమ్, మునిమనవడు లైమన్ నడిపారు. నాలుగు తరాల పూటకూళ్ళ ఇల్లు అన్నమాట. చాలాకాలం దాని పేరు రెడ్ హార్స్, ఎర్ర గుర్రం. 1775 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం కాంకర్డ్ అనే ఊరి మీదికి వచ్చిందన్న కబురు అందగానే సడ్బరీ మనుషుల్ని వెంటబెట్టుకుని కదిలినవారిలో ఎజెకియెల్ హౌ ఒకడు. ముందురోజు దాకా దారినపోయేవాళ్ళకు అన్నం పెట్టించిన మనిషి తెల్లారేసరికి తుపాకీ పట్టాడు.

పాత గదిలోకి అడుగు పెడితే తలకు తగులుతాయేమో అనిపించే దూలాలు, నడుస్తుంటే ఎగుడుదిగుడు తెలిసే వెడల్పాటి చెక్కల నేల, మనిషి వంగి లోపలికి వెళ్ళగలిగేంత పొయ్యి. అక్కడికి ఇప్పటికీ భోజనానికి వస్తారు, రాత్రికి గది తీసుకుంటారు. పాత మేజాల సొరుగుల్లో తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఉత్తరాలు రాసి పెట్టి వెళ్ళడం ఆ ఇంటి అతిథులకు అలవాటు. మా అమ్మాయి సూపు తాగుతూ "ఇది నీ మాటకు సాక్ష్యం కదమ్మా" అంది. ఔను, సాక్ష్యమే అనుకున్నాను. అసలైనది ఈ ఇల్లు, ఆ మర ఫోర్డ్ సరదా అని అప్పటికే తీర్పు రాసేసుకున్నాను.

ఈ ఇంటికి వేసైడ్ ఇన్ అనే పేరు తెచ్చిపెట్టింది కవి లాంగ్‌ఫెలో. 1862 శరత్కాలంలో, ఫీల్డ్స్ అనే ప్రచురణకర్త స్నేహితుడితో కలిసి ఇక్కడికొచ్చి, మరుసటి ఏడు 'టేల్స్ ఆఫ్ ఎ వేసైడ్ ఇన్' అచ్చువేశాడు. బయట గాలి, లోపల పొయ్యి. చుట్టూ కూర్చున్న ఇంటి యజమాని, విద్యార్థి, సంగీత విద్వాంసుడు తలా ఒక కథ చెప్పడం ఆ పుస్తకం ఏర్పాటు. తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాల కాశీమజిలీ కథలు ఈ దారిలోనే నడిపించారు. మణిసిద్ధుడు గోపాలుణ్ణి కాశీకి తీసుకెళుతూ మజిలీకొక కథ చెబుతాడు. కథ కోసమే పిల్లవాడు మరునాటి నడకకు సిద్ధమవుతాడు. మజిలీ అన్నాక ముందు వంట, తర్వాత కథ. ఎక్కడైనా అంతే.

మజిలీ అనగానే నాకు రాజమండ్రిలో ఒక సత్రం గుర్తుకొస్తుంది. 1979 పుష్కరాలకు మామ్మ నన్ను కోనసీమ నుంచి బస్సులో తీసుకెళ్ళింది. గోదావరి గట్టుకు దగ్గరగా ఒక మండువా సత్రం. వసారా నిండా మనుషులు, మూటలు. పెరట్లో గాడిపొయ్యి తవ్వి దాని మీద వరసగా గుండిగలు ఎక్కించారు. పప్పు కలిపే ఆయన తెడ్డును రెండు చేతులా పట్టుకుని పడవ నడిపినట్టు తోస్తున్నాడు. పొగకి కళ్ళు మండుతున్నా అక్కడినుంచి కదల్లేదు నేను.

ఆ సత్రంలో అన్నిటికన్నా బాగా గుర్తున్నది గుమ్మం పక్కన గుమాస్తా కూర్చున్న బల్ల. ఆయన ముందు ఎర్ర గుడ్డ అట్టవేసిన పొడవాటి చిట్టా. వచ్చిన ప్రతి కుటుంబాన్నీ నిలబెట్టి ఊరు, ఇంటిపేరు, ఎందరు, ఎన్ని పూటలు అని అడిగి రాసుకునేవాడు. మా వంతు వచ్చినప్పుడు, "వేలిముద్ర వేస్తారా అమ్మా?" అన్నాడు. మామ్మ కలం తీసుకుని, కూడబలుక్కుంటూ, తన పేరు మొత్తం రాసింది. ఇంట్లో ఆమె సంతకం చేయాల్సిన పని ఎప్పుడూ పడలేదు. భూమి కాగితాల మీద తాతయ్య సంతకం ఉండేది, తర్వాత నాన్నది. మామ్మ రాసిన ఆ ఒక్క సంతకాన్నే నేను చూశాను. గుమాస్తా దాని మీద ఇసుక చల్లినంత జాగ్రత్తగా అద్దుడు కాగితం వేసి అద్దాడు.

మన వైపు సత్రాలకీ సడ్బరీ ఇంటికీ పెద్ద తేడా ఒకటుంది. హౌ కుటుంబం అన్నం అమ్ముకుంది. మన సత్రాల్లో ఎక్కువ భాగం అన్నం పెట్టాయి. ఎవరో ఒక దాత నాలుగు ఎకరాలు రాసిచ్చి, దాని పంటతో బాటసారులకు రెండు పూటలా పెట్టమని ఏర్పాటు చేసేవారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చారు. పెద్ద పరివారంతో సాగిన ప్రయాణం. దారి పొడుగునా ఏ ఊళ్ళో సత్రముంది, ఎక్కడ దిగడానికి వసతి, ఎక్కడ నీళ్ళు బాగుంటాయి, ఏ ఊళ్ళో సామాను దొరుకుతుంది, అన్నీ రాసుకుంటూ పోయారు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అయ్యాయి. ఆయన దిగిన సత్రాల్లో ఎన్ని ఇవాళ నిలిచి ఉన్నా, ఎన్ని కూలిపోయినా, వాటి ఉనికి మనకు తెలుస్తున్నది ఆయన కలం వల్లే.

సత్రం కట్టకుండానే సత్రమైన ఇల్లు కూడా మనకుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి ఇల్లు. గోదావరి పాయలు దాటి వచ్చేవారికి, వేళాపాళా చూడకుండా వండి వడ్డించిన ఆవిడ 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. మా మామ్మ తరానికి సీతమ్మ గారి కథ చదివితే వచ్చింది కాదు, వింటే వచ్చింది. ఆమె గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం అలా నోటిమీదుగా నడిచి వచ్చిందే. చెప్పేవాళ్ళు ఉన్నంతకాలం అది నడుస్తుంది.

కొన్నేళ్ళ కిందట పనిమీద రాజమండ్రి వెళ్ళి, ఆ పుష్కరాల నాటి సత్రాన్ని వెతుక్కుంటూ పోయాను. ఉంది. నా సిద్ధాంతం ప్రకారం సంతోషించాల్సిందే, ఎందుకంటే వాడకంలోనే ఉంది. ముహూర్తాల రోజుల్లో ఖాళీ దొరకదట. మండువా మీద రేకులు వేసి హాలు చేశారు. నేలకి పాలిష్ రాళ్ళు. దాత పేరూ, ఇచ్చిన భూమి వివరమూ చెక్కిన రాతి పలక గుమ్మం పక్కన ఉండేది, ఇప్పుడు ఆ చోట గోడకు నిగనిగలాడే టైల్స్. పలక ఏమైందో ఎవరికీ తెలియదు. చిట్టాల గురించి అడిగాను. పాత కాగితాలన్నీ ఎప్పుడో తూకానికి వేసేశామని చెప్పారు. చెప్పినాయనది తప్పు పట్టే గొంతు కాదు, ఆయనకు అవి నిజంగానే పాత కాగితాలు. మామ్మ సంతకం ఏ పకోడీల పొట్లమైందో.

ఆ రోజు ఎందుకు అంత బాధపడ్డానో సడ్బరీకి వెళ్ళేదాకా నాకు నేను సరిగ్గా చెప్పుకోలేకపోయాను.

వేసైడ్ ఇన్ కథ అందరూ చెప్పుకునేంత నున్నగా లేదు. 1835కల్లా బోస్టన్ నుంచి వూస్టర్‌కి రైలు పడింది. గుర్రపు బండ్ల బాట పక్కన బతికే ఇళ్ళకు అది దెబ్బ. 1861లో లైమన్ హౌ పెళ్ళి లేకుండా, వారసులు లేకుండా పోయాడు. ఆ తర్వాత 1897 దాకా, అంటే ముప్ఫై అయిదేళ్ళకు పైగా, ఆ ఇల్లు బాటసారుల విడిదిగా నడవలేదు. అద్దెకున్నవాళ్ళున్నారు, అంతే. లాంగ్‌ఫెలో వచ్చింది కూడా పొయ్యి మండుతున్న విడిదికి కాదు, అప్పటికే వ్యాపారం ఆగిన ఇంటికి. వాడకం ఆగిపోయింది. ఇల్లు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదంటే, పుస్తకం వచ్చింది కాబట్టి. జనం ఆ కథలు చదివి, కథలు చెప్పిన గదిని చూడటానికి వచ్చారు. 1897లో ఎడ్వర్డ్ లెమన్ అనే ఉన్ని వ్యాపారి ఇంటిని కొని, కవి పేరు ముందు చేర్చి, మళ్ళీ తలుపులు తెరిచాడు. అంటే, వాడకం ఇంటిని కాపాడలేదు. రాత కాపాడింది. రాత వల్ల వాడకం తిరిగొచ్చింది.

1923లో ఫోర్డ్ కొన్నాడు. చుట్టూ మూడు వేల ఎకరాల దాకా పోగుచేశాడు. కార్ల మోత ఇంటిని కదిలించకుండా రహదారినే కాస్త దూరంగా మళ్ళించాడు. స్టెర్లింగ్ అనే ఊళ్ళోని పాత ఎర్ర బడి కలపను తెప్పించి ఇక్కడ నిలబెట్టాడు. మన పిల్లలు ఎల్‌కేజీలో పాడే మేరీ గొర్రెపిల్ల పాట పుట్టింది ఆ బళ్ళోనే అని ఆయన నమ్మకం. ఆ పాటను 1830లో అచ్చువేసిన సారా హేల్ మాత్రం మొత్తం తన రచనేనని చివరిదాకా చెప్పింది. వివాదం తేలకపోయినా బడి నడిచింది, 1951 దాకా చుట్టుపక్కల పిల్లలు అందులో నిజంగానే చదువుకున్నారు. 1938 తుఫానుకు కూలిన చెట్ల కలపతో 1940లో ఒక ప్రార్థనాలయం కట్టి, తన తల్లి మేరీ పేరూ అత్తగారు మార్తా పేరూ కలిపి పెట్టాడు. అక్కడ ఇప్పటికీ పెళ్ళిళ్ళు జరుగుతాయి.

ఇక ఆ మర. నేను లోపలికి వెళ్ళేసరికి గోధుమలు పడుతున్నాయి. పైన చెక్క తొట్టి, దాని కింద సన్నగా అదురుతున్న పళ్ళెం, ఆ అదురుకి గింజలు కొద్దికొద్దిగా పై రాతి కన్నంలోకి జారుతున్నాయి. రాళ్ళు ఫ్రాన్సు నుంచి తెప్పించినవి. అంచుల వెంట పిండి గోరువెచ్చగా రాలుతోంది. మర నడిపే ఆయన వేళ్ళ మధ్య ఆ పిండిని నలిపి చూసి, చెక్క మీట ఒక పిసరు తిప్పాడు. రెండు రాళ్ళ మధ్య ఎడం కాగితమంత మారితే చాలు, పిండి బరకా మెత్తనా తేలిపోతుంది. రాతి మీద గాళ్ళు అరిగితే మళ్ళీ ఉలితో కొట్టుకోవాలి, ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ అన్నాడు. నాకు మా వీధిలో "తిరగళ్ళకు కక్కు కొడతాం" అంటూ వచ్చే మనిషి గొంతు చెవిలో మోగింది. ఆ కేక మా ఊళ్ళో ఆగిపోయి చాలాకాలమైంది. ఆ పని ఇక్కడ బతికుంది, అదీ పాత మరలో కాదు, పాతదాన్ని చూసి కట్టిన మరలో. 1952 నుంచి 1967 దాకా ఒక పెద్ద రొట్టెల కంపెనీకి పిండి పట్టింది ఇదే. ఇన్ వంటింటి రొట్టెలకీ ఇక్కడి పిండే.

"ఇది ఎప్పటిది?" అని అడిగాను, నాకు తెలిసినా. "1929, ఫోర్డ్ కట్టించింది" అన్నాడాయన వెంటనే. ఏమీ దాచలేదు, సాగదీయలేదు. అక్కడే నా చిరాకు పోయింది. కట్టిన ఏడాది, కట్టించిన మనిషి, కట్టించిన కారణం అడిగిన ప్రతివాడికీ చెబుతుంటే అది మోసం ఎలా అవుతుంది? ఆ పిల్లవాడి తండ్రి ఏడాది తప్పు చెప్పాడు, కానీ రాయి తిరిగితే గింజ పిండి అవుతుందని ఆ పసివాడు కళ్ళారా చూశాడు. ఏడాది తెలుసుకోవాలంటే అడగడానికి మనిషి ఉన్నాడు.

ఫోర్డ్ చేసిన ఇంకో పని, మరకన్నా పెద్దది. ఆయన హయాంలో అతిథుల్ని చూసుకునే మహిళలు రోజూ డైరీ రాసేవారు. ఎవరు వచ్చారు, ఏమడిగారు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది. ఆ డైరీలు ఇవాళ ఇన్ దస్త్రాల్లో ఉన్నాయి. పేరున్న గొప్పవాళ్ళ రాకపోకలతో పాటు, పేరు లేని మామూలువాళ్ళ రాకపోకలు కూడా. 1955 డిసెంబరులో మంటలు లేచి ఇల్లు లోపల చాలా భాగం కాలింది. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో తిరిగి కట్టి 1958లో తెరిచారు. ఆ ఇంటి కొయ్య ఎంత భాగం హౌలది, ఎంత భాగం ఆ తర్వాతిది అని విడదీసి చెప్పగలగడం నిప్పుకు ముందు రాసిపెట్టుకున్నవాళ్ళకే సాధ్యం. రాసిపెట్టుకోని ఇల్లు కాలిపోతే రెండుసార్లు పోయినట్టు.

అందుకని నా పాత మాటకు ఇకనుంచి ఒక జత కడుతున్నాను. వాడాలి, ఔను. పొయ్యి ఆరకూడదు. కానీ వాడకానికి జ్ఞాపకం ఉండదు. ఈ ముహూర్తం పెళ్ళివాళ్ళకి ఈ హాలు చాలు, వాళ్ళకి ముందు ఇక్కడ ఎవరు తిన్నారో తెలియాల్సిన అవసరం లేదు. అలా ప్రతి పెళ్ళీ కొంచెం కొంచెంగా చెరిపేస్తుంది. దస్త్రం ఉన్న కొత్త మర, దస్త్రం పోయిన పాత సత్రం కన్నా నిజమైనది. ఇది రాయడానికి నాకు ఇష్టంగా లేదు. ఆ సత్రం నాకు మామ్మతో పాటు నా పదేళ్ళ వయసుని ఇచ్చింది. అయినా మాట ఇదే.

మన దగ్గర పెద్ద మ్యూజియం అక్కర్లేదు, ఫోర్డ్ లాంటి ధనికుడూ అక్కర్లేదు. ఊరికి ఇంకా నిలిచి ఉన్న సత్రం ఒకటో రెండో ఉంటాయి. ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ఎవరు కట్టించారు, ఎంత భూమి రాశారు, ఆ భూమి ఇప్పుడెవరి చేతిలో ఉంది. వంట ఎవరు చేసేవారు, కట్టెలు ఎవరు మోసేవారు. ఎవరికి పెట్టేవారు, ఎవరిని గుమ్మం బయటే నిలబెట్టేవారు. ఈ చివరి ప్రశ్న తప్పక అడగండి. చాలా సత్రాలు ఒక కులం వారికని కట్టినవే, ఆ సంగతి పలక మీద రాసి ఉండేది. ఆ పలక మీద టైల్స్ వేస్తే దాత దయ ఒక్కటే కాదు, దాత గీసిన గీత కూడా మరుగున పడిపోతుంది. రెండూ రాయాలి. బయట నిలబడ్డవారి మనవలు ఇవాళ అదే హాల్లో పెళ్ళి చేసుకుంటున్నారంటే, అది ఎంత దూరం నడిచిన నడకో తెలియాలంటే, మొదలు ఎక్కడో రాసి ఉండాలి.

ఎనభై దాటిన వంటావిడో, గుమాస్తా కొడుకో ప్రతి ఊళ్ళో ఇంకా ఒకరున్నారు. ముందు వాళ్ళని కూర్చోబెట్టి అడగండి. రాతి పలకకు రంగు పూసి ఉంటే తడిగుడ్డతో మెల్లగా తుడిచి ఫొటో తీయండి. చిట్టాలు అటక మీద ఉంటే తూకానికి వెళ్ళకముందే అడిగి తెచ్చుకోండి. గోడలకు సున్నం మళ్ళీ వేసుకోవచ్చు, రేకుల స్థానంలో పెంకు మళ్ళీ పరచుకోవచ్చు. చెప్పేవాళ్ళు పోయాక మాత్రం రాసుకోవడానికి ఏమీ మిగలదు. ఆ పని ఈ ఏడే మొదలు కావాలి.